నాయినకు నాసిక్ ద్రాక్షతోటలు చూపియ్యాలె. వైన్ సీసాలోకి ఎట్ల పోతదో తెలిసినోళ్ళు చెప్పండి

మేడ్చల్ పందిరి

అందరికీ నమస్తే. ఉద్యోగం పుణెలో, ఊరు మేడ్చల్ దగ్గర. మా తాతకు నాలుగెకరాల అనాబ్-ఎ-షాహి తోట ఉండేది. రాతి కడీలు పాతి, పైన తీగలు గుంజి కట్టిన పందిరి. ఎండాకాలం సెలవులల్ల ఆ పందిరి కిందనే మంచాలేసుకునేటోళ్ళం, చెయ్యి చాపితే గుత్తి అందేది. ఇప్పుడక్కడ ప్లాట్లు, ఒక పెట్రోలు బంకు.

మా నాయినకు 68 ఏండ్లు. ఫిబ్రవరి రెండో వారంల నా దగ్గరికి వస్తున్నడు. ఫోన్ల ఒకటే మాట: "నాసిక్ ద్రాక్ష జూపియ్యిరా, ఆ వైన్ ఎట్ల జేస్తరో ఒక్కసారి జూస్త." ఆయన మందు ముట్టడు. చూడాలనే కోరిక, అంతే. అందుకే రుచి చూసే టేబుళ్ళ కన్న తోట, పని జరిగే చోటు ఎక్కువ చూపియ్యాలని నా ఆలోచన. ఎక్కడికి తీసుకపోవాలె?

నాకు ఇంకో రెండు అనుమానాలున్నయి. సీసాల మీద కొన్నిటికి ద్రాక్ష పేరుంటది, కొన్నిటికి ఊరి పేరుంటది. బోర్డో అంటే ద్రాక్షనా, ఊరా? నాయిన అడిగితే ఏం చెప్పాలె? రెండోది, పోయినేడు నాసిక్‌ల ఒక తెల్ల వైన్ కొని ఫ్రిజ్‌ల పెట్టిన. రెండు వారాలకు తీస్తే అడుగున పటికబెల్లం పలుకుల లెక్క మెరుస్తున్నయి. తెలిసిన దుకాణపాయన "చక్కెర కలిపిన్రు, కల్తీ" అన్నడు. భయపడి సింకుల పారబోసిన. నిజంగనే కల్తీనా?

గారోన్ ఒడ్డు

ఊరా, ద్రాక్షా అన్న దానికి నేను చెబుతాను. మిగతావి నాసిక్‌లో పనిచేసేవాళ్ళు చెబితేనే బాగుంటుంది. మాది తెనాలి. బోర్డోలో ద్రాక్షసాగు చదువుకుని ఇక్కడే ఒక తోటలో ఉద్యోగం చేస్తున్నాను.

బనగానపల్లె ఒక ఊరు. ఆ ఊరి పేరు మామిడికి అంటుకుంది. ఇప్పుడు నూజివీడులో కాసినా అది బంగినపల్లే. ఫ్రాన్స్‌లో ఇలా కుదరదు. ఊరి పేరు ఆ నేలదే, పక్క జిల్లాలో కాసిన కాయకు ఆ పేరు పెడితే చట్టం ఒప్పుకోదు. పైగా ఆ నేలలో ఏ రకం వెయ్యాలో కూడా చట్టంలోనే రాసి ఉంటుంది. అందుకే సీసా మీద చాబ్లీ అని ఊరి పేరు ఒక్కటే వేసినా, లోపల ఉన్నది షార్డనే ద్రాక్ష అని కొనేవాళ్ళకు తెలుసు. తెల్ల సాన్సేర్ అంటే సావిన్యోన్ బ్లాంక్. ఎర్ర బర్గండీ అంటే దాదాపు ఎప్పుడూ పినో న్వార్. అమెరికా, ఆస్ట్రేలియా, మన నాసిక్ వాళ్ళకు అంత పాత కట్టుబాట్లు లేవు కాబట్టి ద్రాక్ష పేరే పెద్ద అక్షరాల్లో వేస్తారు.

బోర్డో ఊరూ, ప్రాంతమూ. ఇక్కడ గారోన్, దోర్దోన్ నదులు కలిసి జిరోండ్ అవుతాయి. దాని ఎడమ ఒడ్డున మెడాక్‌లో గులకరాళ్ళ నేల. పగలు వేడెక్కిన రాయి రాత్రి కూడా వెచ్చగా ఉంటుంది, నీరు నిలవదు. ఆలస్యంగా పండే కాబర్నే సావిన్యోన్‌కు అది సరిపోతుంది. కుడి వైపు పోమెరోల్‌లో చల్లటి బంకమట్టి, అక్కడ తొందరగా పండే మెర్లో వేస్తారు. ఇంకో సంగతి మీ నాన్నగారికి తప్పక చెప్పండి, రైతు కదా, ఆనందిస్తారు. ఇంత పేరున్న నల్ల ద్రాక్ష కాబర్నే సావిన్యోన్‌కు తల్లిదండ్రుల్లో ఒకటి తెల్లది! కాబర్నే ఫ్రాంక్, సావిన్యోన్ బ్లాంక్ వాటంతట అవే సంకరమై పుట్టిన మొక్క అది. కాలిఫోర్నియాలో డేవిస్ విశ్వవిద్యాలయం వాళ్ళు డీఎన్ఏ పరీక్ష చేసి 1997లో తేల్చారు. అంతవరకు ఇక్కడి రైతులకే తెలియదు.

సీసాల విషయంలో ఒక్క ముక్క. వందేళ్ళ కిందటి వరకు బోర్డో తోటల వాళ్ళు వైన్‌ను పీపాల్లోనే వ్యాపారులకు అమ్మేసేవాళ్ళు. నింపేది, లేబుల్ అంటించేది వ్యాపారే. మధ్యలో ఏం కలిసిందో తోటవాడికి తెలిసే దారి లేదు. మూతోన్ తోటను నడిపే ఫిలిప్ ద రోత్‌షీల్డ్‌కు అప్పుడు 22 ఏళ్ళు. 1924 పంట మొత్తాన్నీ మా ఇంట్లోనే సీసాల్లో పోస్తామన్నాడు. మరి అంత సరుకు దాచడానికి చోటు? 1926లో 100 మీటర్ల పొడవున పీపాల శాల కట్టించాడు. ఇప్పుడు ఫ్రెంచి సీసాల మీద "కోటలోనే సీసాలో నింపబడింది" అని ఒక వాక్యం కనిపిస్తుంది. నాకు దాన్ని చూసినప్పుడల్లా ఆ కుర్రవాడే గుర్తొస్తాడు.

దిండోరి ల్యాబ్

ముందు మీ సీసా సంగతి. పారబోశారని చదవగానే మనసు చివుక్కుమంది. అది కల్తీ కాదండీ, చక్కెర కాదు. ద్రాక్షలో సహజంగా ఉండే టార్టారిక్ ఆమ్లం, పొటాషియం కలిసి గట్టిపడిన పలుకులు. చల్లదనానికి, ఆల్కహాల్‌కు అవి కరిగి ఉండలేవు, అడుగుకు దిగుతాయి. ఈసారి కనబడితే ఒక పలుకు నోట్లో వేసుకోండి. చక్కెరయితే తియ్యగా కరిగిపోతుంది, ఇది కరకరమని పుల్లగా ఉంటుంది. కేకుల్లో వేసే క్రీమ్ ఆఫ్ టార్టర్ ఇదే పదార్థం. జర్మన్లు దీన్ని "వైన్ రాయి" అంటారు.

నేను అనంతపురం జిల్లా మనిషిని. 12 ఏళ్ళుగా ఇక్కడ వైనరీల ల్యాబుల్లో పని. ఆ పలుకులు మీ ఫ్రిజ్‌లో కాకుండా మా ట్యాంకులోనే దిగిపోవాలని మేము వైన్‌ను సున్నాకు నాలుగు డిగ్రీలు కిందికి చల్లబరిచి వారం, పది రోజులు ఉంచుతాం. ఆ తర్వాతే వడపోత. కరెంటు ఖర్చు చాలా అవుతుందని చిన్నవాళ్ళు కొందరు ఈ పని తగ్గించుకుంటారు. అప్పుడు మీలాంటివాళ్ళు భయపడతారు, వైన్‌కు మాత్రం ఏ నష్టమూ లేదు.

ఎక్కడికి వెళ్ళాలంటే, గంగాపూర్ డ్యామ్ వైపు వెళ్ళండి. పెద్ద వైనరీలు అక్కడ ఉన్నాయి. సులా వాళ్ళు 1997లో అక్కడ సావిన్యోన్ బ్లాంక్, షెనిన్ బ్లాంక్ నాటి 2000లో మొదటి వైన్ అమ్మారు. తినే ద్రాక్షకే పేరుపడ్డ నాసిక్ దారి మారింది అక్కడే. తర్వాత దిండోరి వైపు రండి, ఇక్కడ తోటలు ఎక్కువ, జనం తక్కువ. శని, ఆదివారాలు మాత్రం వద్దు. ద్రాక్ష తొక్కే సరదాకు, పాటలకు వచ్చే జనంలో మీ నాన్నగారికి ఎవరూ ఏమీ చెప్పలేరు. మంగళ, బుధవారాల్లో రండి, పొద్దున ఏడుకల్లా. మేము వైన్ ద్రాక్షను తెల్లవారుజామునే కోస్తాం, కాయ చల్లగా ఉండగానే నలగ్గొట్టాలి. ఫిబ్రవరి రెండో వారమంటే నిండు కోతలు.

యూరప్‌లో కోత సెప్టెంబరు, అక్టోబరుల్లో. అక్కడ చలికాలం తీగ నిద్రపోతుంది. మన తీగకు ఆ నిద్ర లేదు. అందుకే ఏప్రిల్‌లో ఒక కత్తిరింపు, సెప్టెంబరు-అక్టోబరులో ఇంకో కత్తిరింపు, పంట ఒకటే. మేడ్చల్ రైతుకు ఇది కొత్త కాదు.

ఇక మీరు అడిగిన సీసాల సంగతి. ఏ వైనరీకి వెళ్ళినా గైడు ముందుగా పీపాల గదికే తీసుకెళ్తాడు. లైట్లు తగ్గించి ఉంటాయి, ఓక్ చెక్క వాసన, అందరూ ఫోటోలు దిగుతారు. ఒక్కో పీపా 225 లీటర్లు, అంటే 300 సీసాలు. చూడండి, బాగుంటుంది. కానీ మీ నాన్నగారిని సీసాలు నింపే గదికి తీసుకెళ్ళమని గట్టిగా అడగండి. ఏడాది పాటు తోటలో, ట్యాంకులో పడ్డ కష్టం ఆ గదిలో ఒక్క పూటలో నిలబడుతుంది, లేదా పోతుంది. కోతల రోజుల్లో ఆ లైను రోజూ నడవదు, ఏ రోజు నడుస్తుందో ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

అక్కడ మా శత్రువు ఒక్కటే, గాలి. పులిసేటప్పుడు ఈస్ట్‌కు గాలి కాస్త మేలే. సీసాలోకి వెళ్ళే పూట మాత్రం లీటరు వైన్‌లో కరిగిన ఆక్సిజన్ ఒక మిల్లీగ్రాము దాటకూడదని చూస్తాం. అందుకే ఖాళీ సీసాను కడిగాక అందులోకి నైట్రోజన్ ఊదుతారు. వైన్ పోసే గొట్టం సీసా అడుగుదాకా దిగుతుంది, పైనుంచి ధారగా పడితే నురగతో పాటు గాలి కలుస్తుంది కదా. బిరడా కొట్టేముందు మెడలో మిగిలిన గాలిని యంత్రం పీల్చేస్తుంది.

ఎనిమిదేళ్ళ కిందట నేను వేరే చోట పనిచేసేదాన్ని. ఒక రోజు షెనిన్ బ్లాంక్ నింపుతుంటే మధ్యలో నైట్రోజన్ సిలిండర్ అయిపోయింది. మీటరు చూడాల్సిన మనిషి భోజనానికి వెళ్ళాడు. లైను ఆపకుండా నలభై నిమిషాలు నడిపారు. నేను అలవాటు ప్రకారం గంటకు రెండు సీసాలు పక్కన తీసి ల్యాబులో దాచాను. ఆరు నెలలకు రెండింటినీ కిటికీ దగ్గర పెట్టి చూస్తే, మొదటి గంటది లేత గడ్డిరంగులో ఉంది, నిమ్మ, జామ వాసన. ఆ నలభై నిమిషాలది కోసిపెట్టిన ఆపిల్ ముక్క రంగు, వాసన కూడా అదే. ఒకే తోట, ఒకే ట్యాంకు, ఒకే పూట. ఆ తోట రైతు నాకు తెలుసు, ఆ ఏడు వడగళ్ళ నుంచి పంటను ఎలా కాపాడుకున్నాడో కూడా తెలుసు. ఆ రెండో గ్లాసు వాసన చూసి ఏడుపొచ్చింది.

రెండోది వడపోత. చివరి వడపోతలో రంధ్రాలు 0.45 మైక్రాన్లు. ఈస్ట్, బ్యాక్టీరియా దాటలేవు. ఎందుకింత అంటే, నాసిక్ షెనిన్‌లో చాలావాటికి కొంచెం తీపి మిగల్చడం అలవాటు. ఒక్క ఈస్ట్ కణం లోపలికి వెళ్ళినా ఆ తీపి తిని సీసాలోనే మళ్ళీ పులిసి బిరడాను బయటికి తంతుంది. అందుకే పొద్దున లైను మొదలు పెట్టేముందు పైపులన్నిటిలో 80 డిగ్రీలు దాటిన వేడినీళ్ళు ఇరవై నిమిషాలు తిప్పుతాం.

మూడోది ఎవరూ పట్టించుకోనిది, ఎండ. సీసా 750 మిల్లీలీటర్లు అంటే 20 డిగ్రీల దగ్గర లెక్క. వైన్ వేడెక్కితే పెరుగుతుంది. 20 నుంచి 40 డిగ్రీలకు వెళ్తే ఒక సీసాకు నాలుగైదు మిల్లీలీటర్లు. ఏముందిలే అనిపిస్తుంది. సీసా మెడ లోపలి వ్యాసం 18.5 మిల్లీమీటర్లు, ఆ సన్నటి మెడలో ఆ నాలుగైదు మిల్లీలీటర్లే ఒకటిన్నర సెంటీమీటరు ఎత్తు లేస్తాయి. మేము బిరడా కింద వదిలే ఖాళీ కూడా దాదాపు అంతే. మే నెలలో లారీ టార్పాలిన్ కింద సీసాలు కారేది ఇందుకే. ట్యాంకు చల్లగా ఉండగానే తొందరపడి నింపితే ఇంకా త్వరగా కారతాయి. మీరు కూడా కొన్న సీసాను కారు డిక్కీలో పెట్టి పుణె దాకా ఎండలో తీసుకెళ్ళకండి, సీట్ల దగ్గర ఏసీలో పెట్టుకోండి.

బిరడా పోర్చుగల్ నుంచి వస్తుంది. అది ఓక్ జాతి చెట్టు బెరడు. చెట్టును నరకరు, తొమ్మిదేళ్ళకోసారి బెరడు ఒలుస్తారు, మళ్ళీ పెరుగుతుంది. 24 మిల్లీమీటర్ల బిరడాను నొక్కి ఆ 18.5 మిల్లీమీటర్ల మెడలో దించితే, అది ఉబ్బి పట్టుకుంటుంది. మా దగ్గర తెల్ల వైన్లకు తిరుగుడు మూతే వాడతాం. అది చవకరకానికి గుర్తని ఇప్పటికీ కొందరు అనుకుంటారు. బాధేస్తుంది. లేతగా తాగాల్సిన తెల్ల వైన్‌కు అదే మంచిది. బెరడుకు ఒక్కోసారి తడి అట్టపెట్టె వాసన పడుతుంది, ఆ బెడద ఉండదు. ఆస్ట్రేలియాలో క్లేర్ లోయలో రీస్లింగ్ అనే తెల్ల ద్రాక్షతో వైన్ చేసేవాళ్ళు 2000లో కూడబలుక్కుని ఒక్కసారిగా దీనికి మారారు.

మేడ్చల్ పందిరి

అక్కా, చేతులెత్తి దండం. ఆ పలుకుల సీసా గుర్తొచ్చి ఇప్పుడు నాకూ బాధైతుంది. గారోన్ అన్నా, కాబర్నే సంగతి నాయినకు ఫోన్ల చెప్పిన, "తెల్లదానికి నల్లది పుట్టిందా" అని మూడుసార్లు అడిగిండు. ఆయన ఇంకో ప్రశ్న పంపిండు: "మన అనాబ్-ఎ-షాహితోని వైన్ ఎందుకు చెయ్యలే? ఎకరాకు పదిహేను టన్నులు తీసినం గద."

దిండోరి ల్యాబ్

జవాబు ఆ పదిహేను టన్నుల్లోనే ఉందండీ. మా వైన్ తోటల్లో ఎకరాకు నాలుగైదు టన్నులు దాటనివ్వం, పిందె మీదే గుత్తులు తెంపేస్తాం. తీగ సత్తువ కొద్ది కాయలకే చేరాలి. అనాబ్-ఎ-షాహి తియ్యదనం బ్రిక్స్ లెక్కలో, అంటే వంద గ్రాముల రసంలో సుమారుగా ఎన్ని గ్రాముల చక్కెర అన్న లెక్కలో, 14 నుంచి 16. మేము వైన్ ద్రాక్షను 22 దాకా ఆగి కోస్తాం. లీటరు రసంలో 17 గ్రాముల చక్కెర పులిస్తే ఒక శాతం ఆల్కహాల్ వస్తుంది. 22 బ్రిక్స్ రసం 12 శాతం దగ్గరికి వస్తే, మీ తాతగారి ద్రాక్ష 8 దగ్గరే ఆగిపోతుంది. అంత పలచటి వైన్ నిలవ ఉండదు. పైగా కాయ పెద్దది, నీరెక్కువ, తోలు తక్కువ. వైన్ వాసన, రంగు, వగరు ఎక్కువగా తోలులోనే ఉంటాయి. కాబర్నే కాయ మన శనగగింజ కన్నా కాస్త పెద్దది, తోలు మందం. అనాబ్-ఎ-షాహి తినడానికి పుట్టిన పండు. చిన్నప్పుడు హైదరాబాద్ నుంచి మా నాయన గడ్డి పరిచిన బుట్టలో తెచ్చేవాడు, ఆ రుచి నాకు ఏ వైన్‌లోనూ దొరకలేదు.

తోటలో మీ నాన్నగారిని మొదలు దగ్గర వంగి చూడమనండి. జానెడు ఎత్తులో అంటుకట్టిన ముడి కనబడుతుంది. కింద వేరు అమెరికా జాతి, పైన తీగ ఫ్రాన్స్‌ది. 1860ల్లో ఫిలోక్సెరా అనే పేనులాంటి పురుగు అమెరికా మొక్కలతో పాటు ఓడల్లో వచ్చి ఫ్రాన్స్ తోటల వేర్లు తినేసింది. దాన్ని తట్టుకునేది అమెరికా వేరే కాబట్టి, అప్పటినుంచి ప్రపంచంలో చాలాచోట్ల ఇలా అంటుకట్టిన మొక్కలే. మనకు నీటి ఎద్దడికి, చౌడు నేలకు కూడా ఈ వేర్లు పనికొచ్చాయి.

గంగావతి బస్సు

తర్వాతెప్పుడైనా మీ నాన్నగారిని హంపి వైపు కూడా తీసుకురండి. గ్రాన్యూల్స్ మందుల కంపెనీ పెట్టిన హైదరాబాద్ వాసి చిగురుపాటి కృష్ణప్రసాద్ గారు, ఉమ గారు హంపి కొండల దగ్గర కాబర్నే, సాంజియొవేజే వేశారు. ఎస్టేట్ పేరు KRSMA, వాళ్ళిద్దరి పేర్లూ కలిపి పెట్టిందే. బళ్ళారి ఎండ తెలిసినవాడికి అక్కడ వైన్ ద్రాక్ష చూడటమే ఒక వింత.

మేడ్చల్ పందిరి

పోయి వచ్చినం. అక్క చెప్పినట్టు బుధవారం, పొద్దున ఏడుకే దిండోరిల ఉన్నం.

నాయిన తోటలోకి పోంగనే పైకి చూసిండు. అలవాటు. పందిరి లేదు, నడుమెత్తు తీగలకు వరుసగా కట్టిన చెట్లు. "ఇంత పొట్టిగనా" అని వంగి, అక్క చెప్పిన ముడి దొరికిచ్చుకున్నడు. వేలితో రుద్ది చూసిండు. మా తోటల కొమ్మ తుంచి పాతితేనే వచ్చేదట, అంటు ఎరుగరట. కోసే ఆడోళ్ళు మరాఠీల మాట్లాడుతున్నరు, ఈయనకు రాదు. అయినా పావుగంటల వాళ్ళ చేతిలో కత్తెర తీసుకుని రెండు గుత్తులు కోసిండు. ఒకామె షిరాజ్ గుత్తి ఇచ్చి, గింజ నమలమని సైగ చేసింది. గింజ గోధుమరంగు తిరిగి కరకరలాడితే పండినట్టట.

సీసాల లైను ఆ రోజు నడిచింది. అద్దం బయట ముప్పావుగంట నిలబడ్డడు. నేను కుర్చీ తెస్తనన్నా కూసోలే. బిరడా దిగే చోటనే చూసిండు. నైట్రోజన్ సిలిండర్ ఎక్కడున్నదో చూపియ్యమని అక్కడి పిల్లగాణ్ణి అడిగిండు! నేను అక్క కథ చెప్పి ఉంటిని, అది మనసుల పెట్టుకున్నడు. మీటరు ముల్లు చూసి, "నిండుగనే ఉన్నది" అన్నడు నాతోని.

సాయంత్రం గంగాపూర్ డ్యామ్ గట్టు మీద కూసున్నం. ఇది గోదావరేనని నేను చెప్పేదాక ఆయనకు తెల్వదు. చాలాసేపు నీళ్ళనే చూసిండు. "ఈ నీళ్ళేనా బాసరకు వచ్చేది" అన్నడు.

ఇప్పుడు కొత్త పని పెట్టిండు. మేడ్చల్ ఇంటి వెనక ఇరవై గజాల జాగ ఉంది. అంటుకట్టిన షెనిన్ మొక్కలు రెండు కావాలట, వైన్‌కు కాదు, ఊకనే పెంచుతడట. నాసిక్ నర్సరీలల్ల రెండు మొక్కలు విడిగ అమ్ముతరా అక్కా? పక్కనే పందిరికి నాలుగు రాతి కడీలు నిన్ననే చెప్పిచ్చిండు.

దిండోరి ల్యాబ్

వైన్ రకాలు నర్సరీలు ఎక్కువగా ఆర్డరు మీదే, వందల్లోనే ఇస్తాయి. రెండంటే నవ్వుతారు, కానీ నాకు తెలిసిన రైతు దగ్గర అడుగుతాను. గుంత మూడడుగుల లోతు తీయించండి, పశువుల ఎరువు కలిపి జూన్ దాకా ఎండనివ్వండి. షెనిన్‌కు పందిరి అక్కర్లేదని మాత్రం నాన్నగారికి చెప్పకండి. పందిరి మీద కూడా పెరుగుతుంది.